మామత్ కేవ్ వెళ్తున్నారా? టికెట్లు కొనేముందు ఒక్కసారి ఇది చదవండి

అమెరికాలో కెంటకీ రాష్ట్రంలోని మామత్ కేవ్ నేషనల్ పార్కుకి ప్లాన్ చేస్తున్నవాళ్ళు దయచేసి ఇది చదివాకే టికెట్లు కొనండి. మొన్న మే నెలాఖరున మెమోరియల్ డే లాంగ్ వీకెండ్‌లో మేం 212 డాలర్లు పోగొట్టుకున్నాం. డబ్బు సంగతి అలా ఉంచితే, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని ఐదు గంటలు కారులో కూర్చోబెట్టి తీసుకెళ్ళి గుహ చూపించలేకపోయాను. ఆ బాధ ఇంకా పోలేదు. నాన్న సోషల్ టీచరుగా రిటైరయ్యారు. ప్రపంచంలో ఇంతవరకు కొలిచిన గుహల్లో ఇదే పొడవైనదని, 420 మైళ్ళకు పైనే ఉంటుందని దారంతా మాకు చెబుతూనే ఉన్నారు.

ఫోన్‌లో గుహ పేరు కొట్టగానే అన్నిటికంటే పైన ఒక సైటు వచ్చింది. పేరులో మామత్ కేవ్ ఉంది, గుహ ఫొటోలున్నాయి, గైడెడ్ టూర్ అని బటన్ ఉంది. అది యాడ్ అని నేను గమనించలేదు. కార్డు నంబరు ఇచ్చాను, ఈమెయిల్లో కాగితం వచ్చింది, ప్రింట్ తీసుకుని తెల్లవారుజామునే ఒహైయోలోని కొలంబస్‌లో బయల్దేరాం.

పార్కు కౌంటర్లో ఉన్న రేంజర్ (పార్కు ఉద్యోగి) ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, అడుగున చీమ తలకాయంత అక్షరాల మీద వేలు పెట్టాడు. మేం కట్టింది టికెట్లకి కాదట, బుకింగ్‌లో సహాయానికట. టికెట్ దొరక్కపోయినా డబ్బు వెనక్కి ఇవ్వరట. పోనీ ఇప్పుడు కొందామంటే ఆ రోజు టూర్లన్నీ అమ్ముడైపోయాయి.

"పోన్లేరా, ఇంత పచ్చని అడవి చూశాం కదా" అంది అమ్మ. పాత గుహ ముఖద్వారం దాకా టికెట్ లేకుండానే నడిచి వెళ్ళొచ్చు. ఎండాకాలంలో అక్కడ నిలబడితే లోపలి నుంచి చల్లగాలి వచ్చి తగులుతుంది. లోపల ఏడాది పొడవునా 54 డిగ్రీల ఫారన్‌హీట్, మన లెక్కలో 12 డిగ్రీలు. అమ్మ భుజాల చుట్టూ కొంగు కప్పుకుని మెట్లకేసి చూస్తూ ఉండిపోయింది. టికెట్లున్నవాళ్ళు రేంజర్ వెనకాల వరసగా దిగుతుంటే అమ్మా నాన్నా పక్కకి తప్పుకుని దారి ఇచ్చారు. నాకు ఏం మాట్లాడాలో తోచలేదు.

అక్కడ యాత్రికుల్ని దారి మళ్ళించడం కొత్తేమీ కాదు. 1920ల్లో చుట్టుపక్కల గుహల సొంతదారులు రోడ్డు మీద మనుషుల్ని పెట్టి, మామత్ కేవ్‌కి వెళ్ళే కార్లని ఆపి తమవైపు తిప్పుకునేవాళ్ళు. ఆ పోటీ రోజుల్లోనే రోడ్డుకి దగ్గరగా కొత్త గుహ కోసం వెతుకుతూ ఫ్లాయిడ్ కాలిన్స్ అనే గుహాన్వేషకుడు 1925లో శాండ్ కేవ్‌లో ఇరుక్కుని చనిపోయాడు. నేషనల్ పార్కు అయింది 1941లో.

పార్కులోకి వెళ్ళడానికి ఫీజు లేదు, టూర్‌కి మాత్రమే టికెట్. దాన్ని ప్రభుత్వ సైటు రిక్రియేషన్ డాట్ గవ్ (recreation.gov)లోనే కొనండి. అడ్రసు చివర గవ్ లేకపోతే ఆ పేజీ మూసేయండి. లాంగ్ వీకెండ్ అయితే చాలా ముందే చూసుకోవాలి. పెద్దవాళ్ళుంటే హిస్టారిక్ టూర్ వద్దు, అందులో 540 మెట్లున్నాయి. అదే గుహలో ఫ్రోజెన్ నయాగరా అనే ఇంకో టూర్‌లో మెట్లు చాలా తక్కువ. స్ట్రోలర్లు (పిల్లల్ని తోసుకెళ్ళే బండ్లు) లోపలికి రానివ్వరు. ఇంకో గుహలో తిరిగిన చెప్పులు, బూట్లు వేసుకెళ్ళకండి, గబ్బిలాలకు వచ్చే ఫంగస్ జబ్బు వాటితో వ్యాపిస్తుంది. ఒహైయో వైపు నుంచి వెళ్ళేవాళ్ళు ఇంకొకటి గుర్తుంచుకోండి: పార్కు సెంట్రల్ టైంలో ఉంది, అంటే ఒహైయో కంటే గంట వెనక; టికెట్ మీద ఉండేది కూడా ఆ టైమే.

డబ్బు వెనక్కి ఇప్పించమని కార్డు బ్యాంకులో డిస్ప్యూట్ పెట్టాను, ఇంకా తేలలేదు. అమ్మానాన్నల తిరుగు ప్రయాణం జులైలో. ఈలోగా ఒక మంగళవారానికి అసలు సైట్లో ఫ్రోజెన్ నయాగరాకి నాలుగు టికెట్లు దొరికాయి. నాన్న ఆ ఈమెయిల్ రెండుసార్లు చదివి, సైటు పేరు తన నోటుపుస్తకంలో రాసుకున్నారు.