పాత వంతెన పక్కన గోదావరి గట్టు

రాజమహేంద్రవరంలో గోదావరిని చూడటానికి చోట్లకు కొదవ లేదు. అయినా పుష్కర ఘాట్ దగ్గర, హేవలాక్ వంతెన కనిపించేలా గట్టు మీది పార్కులో కూర్చుంటే కలిగే తృప్తి నాకు మరో చోట కలగలేదు. అమ్మను తీసుకుని వెళ్ళాను కనుక మెట్లు, నడక, బస, మరుగుదొడ్లు అన్నీ పట్టించుకుని చూశాను.

ముందు వంతెన సంగతి. 1897లో మొదలుపెట్టి 1900లో రైళ్ళకు తెరిచారు. అప్పటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హేవలాక్ పేరు పెట్టారు. పనులు నడిపించిన ఇంజనీరు వాల్టన్ అంతకుముందు కాశీలో గంగ మీద వంతెన కట్టినవాడు. మొత్తం 56 స్పాన్లు (ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభం దాకా ఉండే భాగాలు), రెండున్నర కిలోమీటర్లకు పైగా పొడవు. ఇది రాకముందు మద్రాసు వైపు నుంచి కలకత్తా వెళ్ళే ప్రయాణికులు కొవ్వూరులో దిగి, పడవ మీద నది దాటి, ఇవతలి ఒడ్డున మళ్ళీ రైలెక్కవలసి వచ్చేది. వరద రోజుల్లో ఆ దాటడం ఎలా ఉండేదో గట్టు మీద నిలబడి నదిని చూస్తే అర్థమవుతుంది. 1997లో దీనికి విశ్రాంతి ఇచ్చారు. పక్కనే కట్టిన కాంక్రీటు ఆర్చి వంతెన మీదుగా ఇప్పుడు రైళ్ళు వెళ్తున్నాయి.

సాయంత్రం నడకకు వచ్చిన ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగి మా బల్ల మీదే కూర్చున్నారు. అమ్మ ఆయన్ని అడిగింది: "ఇన్ని వరదలకు ఆ స్తంభాలు ఎలా నిలిచాయండీ?"

"పైకి కనిపించేది కొంతేనమ్మా. బలమంతా అడుగున ఉంది. ఇసుకలో పెద్ద బావి నిలబెట్టి, లోపలి ఇసుక తోడేస్తూ పోతే దాని బరువుకు అదే కిందికి దిగుతుంది. గట్టి నేల తగిలేదాకా దింపి, దాని మీద స్తంభం లేపుతారు" అన్నారాయన. 1953, 1986 వరదల్ని ఈ వంతెన తట్టుకుందని చెబుతున్నప్పుడు ఆయన గొంతులో సొంత మనిషి గురించి చెప్పే గర్వం ఉంది.

ఆ మాటలు విన్నాక ఒడ్డుకు దగ్గరగా ఉన్న స్తంభాన్ని మళ్ళీ చూశాను. రాతి మీద నీటి మట్టాలు చారలుగా మిగిలాయి. కింద నల్లటి పాచి, దాని పైన బూడిద రంగు, ఇంకా పైన ఎండకు వెలిసిన రాయి. రాళ్ళ సందుల్లో రావి మొక్కలు వేళ్ళు తన్నుతున్నాయి. గర్డర్ల (స్తంభాల మీది ఇనుప దూలాల) మీద రివెట్లు వరుస తప్పకుండా ఉన్నాయి, తుప్పు మాత్రం అంచుల నుంచి తినుకుంటూ వస్తోంది. ఇది చూస్తే మనసు చివుక్కుమంటుంది. ఈ వంతెనను పర్యాటకులు నడిచే చోటుగా మార్చాలన్న మాట ఏళ్ళుగా నలుగుతోంది. 2025లో అఖండ గోదావరి పర్యాటక ప్రాజెక్టుకు శంకుస్థాపన చేసినప్పుడు ఇదీ అందులో చేరింది. 2027 పుష్కరాలకు లక్షల మంది ఈ ఊరికి వస్తారు. ఆలోగా ఆ రావి మొక్కలనైనా పీకించాలి. వేరు లావెక్కితే రాయి నిలవదు.

పార్కు విషయానికి వస్తే, నీడ బాగుంది, బల్లలు చాలినన్ని ఉన్నాయి. మరుగుదొడ్డి తలుపుకు గడియ లేదు, తాగునీటి కుళాయి పొడిగా ఉంది. పెద్దవాళ్ళతో వెళ్ళేవారు నీళ్ళ సీసా వెంట పెట్టుకోవాలి. ఘాట్ మెట్లు తడిగా ఉన్నప్పుడు బాగా జారతాయి. పట్టుకోవడానికి కమ్మీ ఉన్న చోటే దిగండి. మధ్యాహ్నం వెళ్ళకండి, రాయి కాలిపోతుంది. నాలుగున్నర తర్వాత వెళ్తే ఎండ వాలుతుంది, ముంత కింద పప్పు బండ్లు వస్తాయి, చీకటి పడే వేళకు పుష్కర ఘాట్‌లో హారతి చూడవచ్చు. హారతికి జనం ఎక్కువ. గుంపులో నిలబడలేనివారు పై మెట్ల మీద కూర్చుంటే అన్నీ కనిపిస్తాయి.

బసకు రెండు రకాల చోట్లు ప్రయత్నించాం. జాతీయ రహదారి వైపు హోటల్లో గది పెద్దది, లిఫ్టు ఉంది, భోజనం రుచిగా ఉంది. కానీ నది దగ్గరికి రావాలంటే ప్రతిసారీ ఆటో కావాలి. గోదావరి స్టేషన్ దగ్గరి లాడ్జిలో గది ఇరుకు, రాత్రంతా రైళ్ళ చప్పుడు. అయినా నా ఓటు దీనికే. తెల్లవారుజామున లేచి నాలుగు అడుగులు వేస్తే నది ముందుంటాం. నిద్ర పలచగా పట్టేవారు మాత్రం రోడ్డు వైపు గది కాకుండా వెనక గది అడగండి.

మర్నాడు పొద్దున్నే ధవళేశ్వరం వెళ్ళాం. ఆనకట్ట, కాటన్ మ్యూజియం రెండూ చూడదగ్గవే. ఊరి దగ్గర గోదావరి చెరువులా నిండుగా, నెమ్మదిగా కనిపించడానికి కారణం నది దిగువన ఉన్న ఆ ఆనకట్టే.

సమయం ఉంటే గోదావరి స్టేషన్‌లో కొవ్వూరులో ఆగే రైలెక్కండి. ఆర్చి వంతెన దాటుతున్నంతసేపూ పాత వంతెన పక్కనే సాగుతుంది. కనిపించే వైపు ఏదో ముందే అడిగి కూర్చోండి. కొవ్వూరులో గోష్పాద క్షేత్రం చూసుకుని, తిరిగి వచ్చేటప్పుడు పైన రోడ్డు, కింద రైలు ఉన్న 1974 నాటి వంతెన మీదుగా రావచ్చు. మరమ్మతుల కోసం దాన్ని అప్పుడప్పుడు మూసేస్తుంటారు, కనుక బయలుదేరే ముందు ఆటోవాళ్ళను కనుక్కోండి.