నాలుగేళ్లుగా నా టేబుల్ మీద ఉంటున్న కంటి చుక్కల సీసా

విజయవాడలో డీటీపీ పని నాది. మాఘమాసం వచ్చిందంటే శుభలేఖలు, బడులు తెరిచే ముందు గైడ్లు, మధ్యలో కరపత్రాలు. రోజుకు తొమ్మిది గంటలు స్క్రీన్ ముందే కూర్చుంటాను. నాలుగేళ్ల కిందట ఒక శుభలేఖలో ‘ఆహ్వానం’ కాస్తా ‘ఆవ్హానం’ అయిపోయింది. ప్రూఫు రెండుసార్లు చూశాను. హ కింద వ వత్తు ఉండాల్సింది, వ కింద హ వత్తు పడిందని నా కంటికి ఆనలేదు. మూడొందల కార్డులు మళ్లీ కొట్టించాం. ఆ పెళ్లివారి ముందు నిలబడినప్పుడు పడ్డ బాధ ఇప్పటికీ గుర్తుంది.

అప్పటికే ఆర్నెల్లుగా కళ్లలో ఇసుక పడ్డట్టు గరగరలాడేది. సాయంత్రానికి ఎర్రబడి, నీళ్లు ధారగా కారేవి. నీళ్లు కారుతున్నాయి కాబట్టి ‘పొడిబారడం’ అన్న ఆలోచనే రాలేదు. మందుల షాపులో అడిగితే కుర్రాడు ఒక సీసా ఇచ్చి, “ఎరుపు ఇట్టే పోద్ది అక్కా” అన్నాడు. నిజంగానే పది నిమిషాల్లో కన్ను తెల్లబడేది. కానీ మర్నాటికి ఇంకా ఎర్రగా తేలేది. రెండు నెలలు అదే వేసుకున్నాను. అది రక్తనాళాలను బిగించి ఎరుపును దాచే మందని, దాని పట్టు వదలగానే ఆ నాళాలు మళ్లీ ఉబ్బుతాయని తర్వాత కంటి డాక్టరుగారు చెప్పారు. ఎవరైనా ఎరుపు తగ్గే చుక్కలనూ తడినిచ్చే చుక్కలనూ ఒకటే అనుకుంటుంటే, దయచేసి ఆ పొరపాటు చేయకండి.

కన్నీరు ఎంత ఊరుతోందో చూడ్డానికి డాక్టరుగారు కింది రెప్పలో సన్నటి కాగితపు పట్టీ పెట్టి అయిదు నిమిషాలు ఉంచారు. పది మిల్లీమీటర్ల దాకా తడిస్తే బాగున్నట్టు. నాకు కుడికన్ను ఆరు, ఎడమకన్ను నాలుగు. కన్నీటి మీద సన్నని నూనె పొర ఉంటుందట, రెప్ప వేసినప్పుడల్లా అది కన్నంతా పరుచుకుంటుందట. స్క్రీన్ చూస్తూ మనం రెప్ప వేయడం బాగా తగ్గిస్తాం, వేసినా సగమే వేస్తాం. కన్ను ఆరి మంటపుడితే ఒక్కసారిగా నీళ్లు ఊరతాయి, కానీ ఆ నీళ్లు కంటి మీద నిలవవు. నా కళ్లు కారడానికి కారణం అదీ.

రాసిచ్చింది కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ 0.5 శాతం, అంటే కంటికి తడినిచ్చే చుక్కలు, రోజుకు నాలుగుసార్లు. మొదటి నెల నాకు పెద్దగా ఒరిగిందేమీ లేదు. వేసుకోగానే చల్లగా ఉండేది, అరగంటకి మళ్లీ మామూలే. రెండోసారి వెళ్లినప్పుడు “ఎప్పుడు వేసుకుంటున్నావమ్మా?” అని అడిగారు. మంట పుట్టినప్పుడని చెప్పాను. “మంట పుట్టకముందే వేసుకోవాలి” అన్నారు. తొమ్మిదికి, పన్నెండుకి, మూడింటికి, ఆరింటికి ఫోన్లో అలారం పెట్టుకున్నాను. మూడు వారాలకల్లా సాయంత్రం ఎరుపు సగానికి సగం తగ్గింది. ఈ నాలుగేళ్లలో నేను తెలుసుకున్న అసలు సంగతి ఇదే. ఏ చుక్కలన్నది ఎంత ముఖ్యమో, ఎప్పుడు వేసుకుంటున్నామన్నదీ అంతే ముఖ్యం.

వేసుకోవడం కూడా నేర్చుకోవాల్సి వచ్చింది. తల వెనక్కి వాల్చి, కింది రెప్పను చూపుడు వేలితో కాస్త లాగితే చిన్న సంచిలా తెరుచుకుంటుంది. చుక్క పడాల్సింది అందులో, నల్లగుడ్డు మీద కాదు. ఒక్క చుక్క చాలు, రెండోది చెంప మీదకే పోతుంది. తర్వాత కన్ను మూసి, ముక్కు పక్క మూలను వేలితో ఒక నిమిషం నొక్కి ఉంచుతాను. సీసా మూతి రెప్ప వెంట్రుకలకు కూడా తగలనివ్వను. 2023లో అమెరికాలో కలుషితమైన కృత్రిమ కన్నీటి చుక్కల వల్ల కొందరికి చూపే పోయిందని చదివాక ఇంకా జాగ్రత్తపడుతున్నాను. సీల్ తీసిన రోజే స్కెచ్ పెన్నుతో సీసా మీద తేదీ రాస్తాను. నెల దాటితే లోపల మందు మిగిలినా పారేస్తాను. మొదట్లో ప్రాణం ఒప్పేది కాదు.

ఒకసారి షాపులో నా మందు లేదని అదే 0.5 శాతంలో వేరేది ఇచ్చారు. వారం తిరిగేసరికి వేసుకున్న ప్రతిసారీ చురుక్కుమనడం మొదలైంది. లేబుల్ చదివితే, చెడిపోకుండా కలిపిన పదార్థం బెంజాల్కోనియం క్లోరైడ్ అని ఉంది. పొద్దస్తమానం వేసుకునేవాళ్లకు అది కంటి పైపొరను రేపుతుందట. నా పాత సీసాలో చెడిపోకుండా కలిపింది వేరే పదార్థం, స్టెబిలైజ్డ్ ఆక్సీక్లోరో కాంప్లెక్స్. అప్పటినుంచి అక్షరాలు ఎంత చిన్నవైనా చదివాకే డబ్బులిస్తున్నాను. రోహిణీకార్తె ఎండల్లో వడగాడ్పుకి నాలుగుసార్లు చాలక ఏడెనిమిది సార్లు వేసుకోవాల్సి వస్తే, చెడిపోకుండా కలిపే పదార్థమేదీ లేని, ఒక్కసారికి సరిపోయే చిన్న ప్లాస్టిక్ గొట్టాలు రాసిచ్చారు. హాయిగా ఉంటాయి కానీ ఖర్చెక్కువ, అందుకే ఎండలు మండే రెండు నెలలే వాడతాను.

రాత్రికి అదే మందులో 1 శాతం చిక్కటిది కూడా వాడి చూశాను. వేశాక పావుగంట సేపు అంతా మసక, పొద్దున లేస్తే రెప్పలకు తెల్లగా పొరలు కట్టి ఉండేవి. అయినా నిద్రలేవగానే కన్ను పట్టేసినట్టుండే బాధ పోయింది కాబట్టి మానలేదు. పడుకునే ముందే వేసుకోండి, అది వేసుకుని బండి తీయకండి.

చుక్కలతోనే అంతా అయిపోలేదు. ముఖం మీదకు కొట్టే టేబుల్ ఫ్యాను పక్కకి తిప్పాను. మానిటర్ కిందకి దించాను; చూపు కిందకి ఉంటే కన్ను తక్కువ తెరుచుకుని తడి నిలుస్తుంది. రాత్రిపూట గోరువెచ్చటి నీళ్లలో పిండిన గుడ్డ రెప్పల మీద అయిదు నిమిషాలు వేసుకుంటాను, రెప్పల అంచుల్లో గట్టిపడ్డ నూనె కరగడానికి. కంట్లో పోటు, పుసి, చూపు తగ్గడం ఉంటే మాత్రం చుక్కలతో రోజులు నెట్టకండి. నోరు కూడా ఎండిపోతూ కీళ్లు నొప్పులుంటే ఆ మాట డాక్టరుకు తప్పకుండా చెప్పండి, కారణం కంట్లోనే ఉండకపోవచ్చు.

మొన్న మళ్లీ పట్టీ పెట్టి చూశారు. కుడి తొమ్మిది, ఎడమ ఏడు. చుక్కలు మానేయవచ్చా అని అడిగితే ఇప్పుడే వద్దన్నారు. ఈ నెల సీసా మీద 3వ తేదీ రాసి ఉంది. శ్రావణం శుభలేఖలు వస్తున్నాయి, అలారాలు అలాగే ఉంచాను.