జోనా, లైసెన్సా, నేరం కాదనడమా: సెక్స్ వర్క్ విషయంలో ఏది మేలు?

"లీగల్ చేసేసి, ఊరి చివర ఓ ఏరియా ఇచ్చేస్తే పోదా అక్కా?" పేపర్లో ‘వ్యభిచార ముఠా గుట్టురట్టు’ వార్త పడ్డప్పుడల్లా ఎవరో ఒకరు నన్ను అడిగే ప్రశ్న ఇది. ఒకప్పుడు నేనూ అదే అనేదాన్ని. ఇప్పుడు అనను.

లీగలైజేషన్, డీక్రిమినలైజేషన్ ఒకటేనని చాలామంది అనుకుంటారు. లీగలైజేషన్‌లో సర్కారు చూపించిన చోట, లైసెన్సు తీసుకుని, రిజిస్టర్లో పేరెక్కించుకుని చేస్తేనే పని చట్టబద్ధం. గీత దాటితే మళ్లీ నేరమే. డీక్రిమినలైజేషన్ ఆ పనిని నేరాల జాబితాలోంచే తీసేస్తుంది. మైనర్లను దించడం, బలవంతం చేయడం మాత్రం రెండింటిలోనూ నేరాలే.

లైసెన్సు పద్ధతికి పేరుపడ్డవి నెదర్లాండ్స్, జర్మనీ. నెదర్లాండ్స్ 2000లో బ్రోతల్స్ (వ్యభిచార గృహాలు) మీద నిషేధం ఎత్తేసింది. జర్మనీ 2002లో చట్టం చేసి, 2017లో రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. గదుల్లో భద్రత, ఆరోగ్య సలహా లాంటి లాభాలు ఉన్నాయి, కాదనను. కానీ జర్మనీలో చాలామంది పేరు నమోదు చేయించుకోలేదు. రేపు ఈ పని మానేసినా ఆ పేరు ఫైల్లోంచి పోతుందా అన్న భయం వాళ్లది. ఆమ్‌స్టర్‌డామ్‌లో సెక్స్ వర్కర్లు నిలబడే అద్దాల కిటికీల్లో కొన్నింటిని ఊరి మధ్య నుంచి వేరే చోటికి మారుస్తామంటే, ఆ కొత్త చోటి జనం మా దగ్గర వద్దన్నారు. పాతికేళ్లు లీగల్‌గా ఉన్నా పొరుగువాళ్ల మొహం మారలేదన్నమాట.

నిజానికి మనకూ జోనింగ్, అంటే ఈ పని ఎక్కడ చేయాలో గీత గీయడం, ఉంది. కాకపోతే తిరగేసి, ఎక్కడ చేయకూడదో చెబుతుంది. 1956 నాటి ఇమ్మోరల్ ట్రాఫిక్ చట్టం ప్రకారం గుడి, మసీదు, బడి, ఆస్పత్రి, హాస్టల్‌కు 200 మీటర్ల లోపు ఈ పని చేస్తే నేరం. అమీర్‌పేట్‌లో నిలబడి లెక్కేయండి. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, క్లినిక్‌లు పోను మిగిలేది ఫ్లైఓవర్ కింద నీడే. హైదరాబాద్ పాతబస్తీలో మెహబూబ్ కీ మెహందీ అనే రెడ్ లైట్ ఏరియా ఉండేది. 1996లో దాన్ని ఖాళీ చేయించారు. వీధి ఖాళీ అయింది కానీ వృత్తి పోలేదు, ఆడవాళ్లు చెల్లాచెదురయ్యారు.

నా మటుకు తేల్చే విషయం అద్దె ఇల్లు.

మెహదీపట్నంలో ఇల్లు వెతుకుతున్న రోజుల్లో నాది నైట్ షిఫ్ట్. ఓనర్ ఆంటీ తాళాల గుత్తి చేతిలో తిప్పుతూ, నా ఐడీ కార్డు రెండు వైపులా చూసి, "తెల్లారుజామున కారు దిగుతావా అమ్మా? చుట్టుపక్కల వాళ్లు ఏమనుకుంటారు?" అంది. అడ్వాన్సు సంగతి ఎత్తనే లేదు. గేటు మీద ‘ఫ్యామిలీస్ ఓన్లీ’ అని చాక్‌పీసుతో రాసి ఉంది. ఆ మచ్చ ఎవరి కోసమో తయారైంది, నా మీదా పడింది. ఆంటీ భయం ఉత్తదేమీ కాదు. బ్రోతల్ నడుస్తుందని తెలిసి ఇల్లిస్తే ఓనర్‌కీ శిక్ష ఉంది. మన చట్టం నిర్వచనంలో, ఇద్దరు సెక్స్ వర్కర్లు కలిసి సంపాదించుకుంటే ఆ గదే బ్రోతల్. తోడు కోసం స్నేహితురాలిని పెట్టుకోవడం కూడా తప్పేనన్నమాట!

న్యూజిలాండ్ 2003లో, 60–59 ఓట్లతో, పనిని నేరం కాదన్న చట్టం తెచ్చింది. అక్కడ నలుగురి దాకా కలిసి, పైన యజమాని లేకుండా, ఒకే ఇంట్లో పని చేసుకోవచ్చు. బ్రోతల్ నడిపేవాళ్లు తీసుకోవాల్సిన ఆపరేటర్ సర్టిఫికెట్ వీళ్లకు అక్కర్లేదు. నా మొగ్గు ఇటే. లోపాలు లేవా అంటే ఉన్నాయి. తాత్కాలిక వీసాతో వచ్చిన ఆడవాళ్లకు ఆ రక్షణ లేదు. ఎక్కడ నడపొచ్చో స్థానిక కౌన్సిళ్లు రూల్స్ పెట్టొచ్చు, అంటే జోను దొడ్డిదారిన రావచ్చు.

కొనేవాడికే శిక్ష, అమ్మేవాళ్లకు లేదు అనే స్వీడన్ (1999) పద్ధతి వినడానికి స్త్రీవాదానికి దగ్గరగా ఉంటుంది. అక్కడా ఇంటి దగ్గరే తేడా కొట్టింది. ఇదే దారిలో 2009లో నడిచిన నార్వేలో, సెక్స్ వర్కర్లకు ఇల్లిచ్చిన ఓనర్లపై కేసు పెడతామని పోలీసులు బెదిరించి వాళ్లను ఖాళీ చేయించారు. ఆ ఆపరేషన్ పేరే ‘ఇల్లు లేనివాళ్లు’ అనే అర్థం వచ్చేది. పూర్తి నిషేధం గురించి రాయను. మన దగ్గర అది లేకపోయినా, దాడుల ఫలితం రోజూ పేపర్లో చూస్తూనే ఉన్నాం.

మన దేశంలో ఈ మధ్య నాకు నచ్చింది 2022 మేలో సుప్రీంకోర్టులో జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు బెంచ్ ఇచ్చిన ఆదేశాలు. చిరునామా రుజువు లేకపోయినా, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (NACO) అధికారి సర్టిఫికెట్‌తో సెక్స్ వర్కర్లకు ఆధార్ ఇవ్వాలని, కార్డు మీద వృత్తి తెలిపే గుర్తేమీ ఉండకూడదని చెప్పింది. జోను కట్టించే సర్కారు సరిగ్గా ఆ గుర్తునే అడ్రస్ రూపంలో అచ్చేస్తుంది.

ట్రాఫికింగ్ కేసుల్లో పనిచేసే నా ఫ్రెండ్ ఇది ఒప్పుకోదు. "జోగినిగా వదిలేసిన పిల్ల పెద్దదయ్యాక ఇది నా ఇష్టం అంటే నమ్ముతావా?" అంటుంది. ఆంధ్రప్రదేశ్ 1988లోనే ఆ ఆచారాన్ని నిషేధించిందని నేనంటే, "నిషేధించి?" అని ఊరుకుంటుంది. దానికి నా దగ్గర సగం జవాబే ఉంది: ఇష్టమైనా కాకపోయినా, ఆ పిల్ల రాత్రి పడుకోవడానికి ఒక గది కావాలి.