గేర్ షాఫ్ట్‌లకి షాట్ పీనింగ్: కర్వ్ గీసి చూపించిన సర్వీస్ గురించి

మా గేర్ షాఫ్ట్‌లకి షాట్ పీనింగ్ (షాట్ అనే చిన్న గట్టి గుండ్లని వేగంగా కొట్టి, పగుళ్లు రాకుండా ఉపరితలాన్ని బలపరిచే పని) చేయించడానికి రెండు చోట్ల జాబ్ వర్క్ ఇచ్చాం. పేర్లు రాయడం లేదు. కానీ రెండో వాళ్ల పని గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇందులో మంచి పనికీ మామూలు పనికీ తేడా పార్ట్ చేతికొచ్చాక కంటితో చూస్తే తెలియదు. రెండు చోట్ల నుంచీ వచ్చినవి ఒకేలా బూడిద రంగులో, శుభ్రంగా ఉన్నాయి.

మొదటి వాళ్లు ప్రెజర్ ఇంత, టైమ్ ఇంత అని ఒక కాగితం ఇచ్చారు. అవి మెషిన్ సెట్టింగులు మాత్రమే, మెటల్‌కి ఎంత దెబ్బ తగిలిందో చెప్పవు. నాజిల్ అరిగినా, షాట్ ఫ్లో తగ్గినా, పగిలిన షాట్ కలిసిపోయినా గేజ్ మీద ప్రెజర్ అదే కనిపిస్తుంది. ఆల్మెన్ స్ట్రిప్ (పీనింగ్ దెబ్బకి ఎంత వంగిందో చూసి దెబ్బ బలం తెలుసుకునే సన్నని స్టీల్ పట్టీ) సంగతి అడిగితే ఒకే ఒక్క స్ట్రిప్ రీడింగ్ చూపించి ఇదే ఇంటెన్సిటీ, అంటే దెబ్బ తీవ్రత, అన్నారు. అది సరి కాదు. స్ట్రిప్‌లని వేర్వేరు టైమ్‌లు పీన్ చేసి, ఒక్కోటి ఎంత వంగిందో కొలిచి కర్వ్ గీయాలి. టైమ్ రెట్టింపు చేసినా ఆర్క్ హైట్ (ఆ వంపు ఎత్తు) 10 శాతానికి మించి పెరగని మొదటి పాయింట్ దగ్గరి విలువే ఇంటెన్సిటీ. ఎస్ఏఈ జె443 అనే ప్రమాణం చెప్పేది ఇదే. ఒక్క రీడింగ్‌తో మనం ఆ కర్వ్ మీద ఎక్కడున్నామో ఎవరూ చెప్పలేరు.

రెండో వాళ్లు ముందు డ్రాయింగ్ అడిగారు. పంటి మొదట్లో ఫిలెట్ (గుండ్రంగా తీర్చిన మూల) రేడియస్ ఎంత, కార్బరైజింగ్ (పై పొరకి కార్బన్ ఎక్కించి గట్టిపరచడం) తర్వాత హార్డ్‌నెస్ ఎంత, గ్రైండింగ్ అయిపోయిందా, ఇంకా ఉందా అని ఒక్కొక్కటే అడిగి, అప్పుడు షాట్ సంగతి మాట్లాడారు. మా ఫిలెట్ 1 మి.మీ. షాట్ సైజు అందులో సగం దాటకూడదని, పెద్ద సైజు షాట్ అయిన ఎస్330 వద్దని, 0.43 మి.మీ. ఉండే ఎస్170 తీసుకున్నారు. పెద్ద షాట్ ఆ మూలలోకి సరిగా దిగదు, మనకి పగుళ్లు మొదలయ్యేదేమో అక్కడే. ఇంకో విషయం, మా గేర్ హార్డ్‌నెస్ 58 నుంచి 62 హెచ్ఆర్‌సీ (రాక్‌వెల్ సి గట్టిదనం స్కేలు) మధ్య ఉంటుంది కాబట్టి మామూలు స్టీల్ షాట్ కాకుండా హార్డ్ షాట్ వాడాలని వాళ్లే చెప్పారు. పార్ట్ కంటే మెత్తని షాట్ తగిలినప్పుడు తనే అణిగిపోతుంది, పార్ట్‌లో రావాల్సిన కంప్రెసివ్ స్ట్రెస్ (లోపలే ఉండిపోయే నొక్కుడు) తగ్గుతుంది. మొదటి చోట ఈ మాటే రాలేదు.

అసలు ఈ ప్రాసెస్ ఉద్దేశమే ఆ స్ట్రెస్ కదా. షాట్ తగిలిన చోట పై పొర సాగాలని చూస్తుంది, కింది మెటల్ దాన్ని సాగనివ్వదు, దాంతో పై పొర నొక్కుకుపోయిన స్థితిలోనే ఉండిపోతుంది. లోడ్ పడినప్పుడు వచ్చే లాగుడు ముందు ఆ నొక్కుడుని దాటాలి కాబట్టి పగులు పుట్టడమూ, పెరగడమూ రెండూ కష్టమవుతాయి.

నాకు బాగా నచ్చింది స్ట్రిప్ హోల్డర్ పెట్టిన తీరు. టేబుల్ మీద విడిగా కాకుండా, ఒక డమ్మీ షాఫ్ట్ చేసి, పళ్లు ఉండే ఎత్తులో, నాజిల్‌కి అదే కోణంలో, అదే దూరంలో బిగించారు. షాట్ లాట్ మారినప్పుడు కూడా కర్వ్ మళ్లీ గీశారు. కవరేజ్ (ఉపరితలం అంతటా దెబ్బలు పడ్డాయా అన్నది) అయితే ఫ్లోరసెంట్ కోటింగ్ వేసి, పీనింగ్ అయ్యాక యూవీ లైట్ కింద ఎక్కడైనా మిగిలిందా అని పంటి మొదళ్లన్నీ చూశారు. మేం 400 శాతం కవరేజ్, అంటే పూర్తి కవరేజ్‌కి పట్టే టైమ్‌కి నాలుగు రెట్లు, అడిగితే ఒప్పుకోలేదు. ఎక్కువసేపు కొడితే ఉపరితలం మీద మడతలు, సన్నని పగుళ్లు వచ్చి, మనం ఆపాలనుకున్న సమస్య మనమే పుట్టించినట్టవుతుందని 200 దగ్గర ఆపారు. డబ్బులిచ్చేవాడు ఎక్కువ అడుగుతుంటే వద్దనడం చిన్న విషయం కాదు.

మెటల్‌లో ఉండిపోయిన స్ట్రెస్‌ని కొలిచే ఎక్స్‌రే డిఫ్రాక్షన్ రిపోర్ట్ బయటి ల్యాబ్ నుంచి తెప్పించారు, అందుకు చాలా ఆలస్యమైంది. కానీ పొరపొరగా ఎలక్ట్రోపాలిష్ చేసి (కరెంటుతో మెటల్‌ని సన్నగా తొలగించి) లోతుని బట్టి కొలిచారు కాబట్టి ఆ వెయిటింగ్‌కి బాధ లేదు. కంప్రెసివ్ స్ట్రెస్ గరిష్ఠంగా ఉండేది తరచుగా ఉపరితలం మీద కాదు, కొంచెం కింద. పైపైన ఒక్క రీడింగ్ తీస్తే అది కనపడదు. తర్వాత మా టెస్ట్ రిగ్ మీద పెట్టినప్పుడు, పీనింగ్ లేని షాఫ్ట్‌లు పంటి మొదట్లో ఉపరితలం నుంచే విరిగేవి. వీళ్లు చేసినవి మా టార్గెట్ సైకిల్స్ దాటాయి, ఆ తర్వాత కూడా నడిపి విరగ్గొట్టిన వాటిలో పగులు ఉపరితలం కింద మొదలైంది.

లోపాలూ ఉన్నాయి. బేరింగ్ కూర్చునే చోట మాస్కింగ్ టేప్ జిగురు అలాగే వదిలేశారు. అంతకన్నా పెద్ద తప్పు, నూనె రాయకుండా ప్యాక్ చేశారు. పీనింగ్ అయిన స్టీల్ తొందరగా తుప్పు పడుతుంది, ఆ తుప్పు గుంటలే కొత్త పగుళ్లకి చోటు ఇస్తాయి. ఇంత శ్రద్ధగా పనిచేసినవాళ్లు చివర్లో ఇలా చేయడం నిజంగా బాధేసింది. ఇప్పుడు ఆర్డర్‌లోనే రాస్తున్నాం: పీనింగ్ అయిన రోజే నూనె రాయాలి, ప్రతి లాట్‌తో కర్వ్ పంపాలి, ఆ తర్వాత ఎవరూ పళ్లు గ్రైండ్ చేయకూడదు, 250 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేసే పని ఏదీ పెట్టకూడదు, ఎందుకంటే ఆ వేడికి స్టీల్‌లో ఈ స్ట్రెస్ సడలిపోవడం మొదలవుతుంది. వాళ్లు అభ్యంతరం లేకుండా ఒప్పుకున్నారు, తర్వాతి లాట్ కూడా వాళ్లకే ఇచ్చాం.