సిగరెట్ మాన్పించే యాప్: ఏడాదిన్నర వాడాక

అనంతపురంలో గుత్తి రోడ్డు పక్కన మాకు మోటార్ల వైండింగ్ షాపు ఉంది. చుట్టుపక్కల మండలాల రైతులు కాలిపోయిన బోరు మోటార్లు మా దగ్గరికి తెస్తారు. 22 ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. అన్నేళ్లూ రోజుకు 14, 15 సిగరెట్లు కాల్చాను. 2023 జులైలో ఒకరోజు స్టేటర్ (మోటారులో తీగ చుట్టే ఇనుప భాగం) ఎత్తి బల్ల మీద పెట్టాక ఊపిరి అందక గోడ పట్టుకుని నిలబడిపోయాను. అన్నం క్యారియర్ తెచ్చిన మా అమ్మాయి అది చూసింది. ఏమీ అనలేదు. తను కంప్యూటర్ ఇంజినీరింగ్ చదువుతోంది. ఆ రాత్రి నా ఫోను అడిగి తీసుకుని ఈ యాప్ వేసింది.

ఆ ఆగస్టు నుంచి ఈ 2025 ఫిబ్రవరి దాకా వాడుతూనే ఉన్నాను. పేరు రాయడం లేదు. మనిషిని గమనిస్తూ తన తీరు మార్చుకునే యాప్‌లు ఇప్పుడు చాలా వచ్చాయి. ఏది వేసుకున్నా ఈ మంచీ చెడూ ఎదురవుతాయన్న ఉద్దేశంతో రాస్తున్నాను.

మొదటి 14 రోజులు అది మానమని ఒక్కసారి కూడా చెప్పలేదు. సిగరెట్ వెలిగించిన ప్రతిసారీ ఒక బొత్తాం నొక్కమంది. ఎక్కడున్నావు, పక్కన ఎవరున్నారు, ఇప్పుడే ఏ పని ముగించావు, మనసు ఎలా ఉంది, ఇంతే. దాచకుండా నొక్కాను. 15వ రోజు అది చూపించిన లెక్కకు నివ్వెరపోయాను. టీతోనే ఎక్కువ కాలుస్తానని ఇన్నేళ్లూ నమ్మాను. చూస్తే టీతో కాల్చేవి రోజుకు మూడే. ఒక కాయిల్, అంటే ఒక తీగ చుట్ట, ముగించి ఇంకో కాయిల్ మొదలుపెట్టే సందులో కాల్చేవి ఎనిమిది. వాటిలో సగం నాకు గుర్తే లేవు. ఈ ఒక్క లెక్కకే ఆ యాప్‌కు రుణపడి ఉన్నాను.

అన్నిటికంటే ముందు అడిగిన ప్రశ్న ఇంకొకటి ఉంది. నిద్ర లేచాక ఎంతసేపటికి మొదటి సిగరెట్? పది నిమిషాలకు అని రాశాను. అయితే వైద్యుణ్ని కలవండి, ఫోను ఒక్కటే మీకు సరిపోదు అని వెంటనే చెప్పింది. రక్తంలో నికోటిన్ సుమారు 2 గంటలకు సగానికి పడిపోతుంది. రాత్రంతా నిద్రపోయి లేచేసరికి దాదాపు ఖాళీ అయిపోతుంది, ఒళ్లు అడుగుతుంది. లేచిన అరగంటలోపే వెలిగించేవారికి ఆ పట్టు గట్టిగా ఉన్నట్టు లెక్క. వైద్యుడు 4 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ రాసిచ్చారు. దాన్ని మామూలు చూయింగ్ గమ్ లాగా నమలకూడదు. మిరియం కొరికినంత ఘాటు తగలగానే ఆపి, చెంపకూ చిగుళ్లకూ మధ్య పెట్టుకోవాలి. ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. మానిన మొదటి మూడు రోజుల చిరాకు ఎంత ఉంటుందో అనుభవించినవారికే తెలుసు. గమ్ లేకుండా వాటిని నేను దాటేవాణ్ని కాను.

ఇక చిక్కుల సంగతి. సబ్‌మెర్సిబుల్ మోటారుకు వైండింగ్ అంటే తీగను స్టేటర్ గాడుల్లోంచి, అంటే స్లాట్లలోంచి, చేత్తో ఒక్కొక్క చుట్టే లాగుతూ పోవాలి. అటునుంచి మా షాపులో అబ్బాయి తీగ అందిస్తాడు, ఇటునుంచి నేను లాగుతాను. తీగ పైనున్న ప్లాస్టిక్ పొర ఎక్కడా గీసుకుపోకూడదు. గీసుకుపోతే నీళ్లలోకి దింపిన రోజే షార్టవుతుంది. చుట్లు నోటితో లెక్కపెడుతూ ఉంటాను. సరిగ్గా 37వ చుట్టు దగ్గర ఫోను మోగింది. “ఇప్పుడు మీకు ఎలా అనిపిస్తోంది?” అది చూసి తల తిప్పేసరికి 37 అయిందో 38 అయిందో తెలియలేదు. కాయిల్ మొత్తం విప్పి మళ్లీ చుట్టాం. ఆ కోపంలో బయటికి వెళ్లి సిగరెట్ వెలిగించాను. అప్పటికి మానేసి 11 రోజులైంది.

వేళాపాళా లేకుండా ఎందుకు మోగుతుందని మా అమ్మాయిని నిలదీశాను. “కొంతకాలం అది కావాలనే అలా చేస్తుంది నాన్నా. ఏ వేళ చెబితే నువ్వు వింటావో దానికి ముందుగా తెలియదు. కొన్నిసార్లు చెబుతుంది, కొన్నిసార్లు ఊరుకుంటుంది. రెండిటికీ నువ్వు ఏం చేశావో పోల్చుకుని నేర్చుకుంటుంది” అంది. అమెరికాలో సూజన్ మర్ఫీ అనే గణాంక శాస్త్రవేత్త, మరికొందరు కలిసి హార్ట్‌స్టెప్స్ అనే నడక యాప్‌ను ఈ పద్ధతిలోనే పరీక్షించారట. రోజుకు ఐదు వేళల్లో, నడవమని చెప్పాలా వద్దా అన్నది చీటీ తీసినట్టు తేల్చేవారట. ఆ సూచనలు మొదట్లో బాగా పనిచేసి, రోజులు గడిచేకొద్దీ పట్టు కోల్పోయాయని చెప్పింది. ఆ చివరి మాట నాకు బాగా తెలుసు. మూడో నెలకు నాకు కూడా ఆ గంట చెవికెక్కడం మానేసింది.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. పొద్దున 10 నుంచి 12 దాకా నేను జవాబివ్వడం లేదని అది రెండు వారాల్లో పసిగట్టింది. ఆ వేళలో మోగడం మానేసి, కాస్త ముందుగా, అదీ రాతకు బదులు మాటగా చెప్పడం మొదలుపెట్టింది. చేతులకు గ్రీజు ఉన్నవాడికి అది పెద్ద ఊరట.

భాష గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. “మీ కోరిక అనే అల మీద స్వారీ చేయండి” అని వచ్చేది. పెన్నలో నీళ్లు పారితే జనం చూడటానికి వెళ్లే జిల్లా మాది, ఇక్కడ ఆ మాట ఎవరి మనసుకు తగులుతుంది? చెప్పదలచుకున్నది మంచి విషయమే. సిగరెట్ యావ పుడితే అది కొన్ని నిమిషాలు పెరిగి, తనంతట తానే దిగిపోతుంది, దానితో పెనుగులాడకుండా చూస్తూ కూర్చుంటే చాలు. ఆ మాటే నేరుగా చెప్పవచ్చు. సెట్టింగులలో సొంత మాట పెట్టుకునే చోటు ఉందని నాకు ఐదో నెలలో తెలిసింది. “ఇంకో స్లాటు లాగి చూడు నాన్నా” అని మా అమ్మాయి గొంతుతో రికార్డు చేయించాను. ఏ వాక్యం వినిపించినప్పుడు నేను ఆగుతున్నానో అది లెక్క చూసుకుంటుంది. నెల తిరగకముందే షాపులో దాదాపు ఆ ఒక్క వాక్యమే వినిపించసాగింది. కొత్తగా వేసుకునేవారు ఈ పని మొదటి రోజే చేయండి.

21 రోజుల్లో అలవాటు మారిపోతుందని ఇందులో ఒక పేజీ ఉంది. దాన్ని నమ్మకండి. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని గమనించినప్పుడు, ఒక కొత్త అలవాటు కుదురుకోవడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా తేడా ఉంది. అదీ కొత్తది నేర్చుకోవడానికి. 22వ రోజున యావ పుట్టినప్పుడు, నాలోనే ఏదో లోపం ఉందనుకుని నేను కుంగిపోయాను.

నా అసలు ఫిర్యాదు 2024 వేసవి గురించి. ఫిబ్రవరి నుంచి బోర్లలో నీళ్లు దిగిపోతాయి, మోటార్లు వట్టిగా తిరిగి కాలిపోతాయి. “రాత్రికల్లా కావాలన్నా, చీనీ (బత్తాయి) చెట్లు ఎండిపోతున్నాయి” అని రైతు ఎదురుగా కూర్చుంటే షట్టర్ దించలేం. రాత్రి ఒంటిగంట దాకా పని. ఫోను సొరుగులో పెట్టేవాణ్ని. మార్చిలో రాత్రిపూట మళ్లీ ఐదారు కాల్చడం మొదలైంది. బొత్తాం నొక్కలేదు, జవాబూ ఇవ్వలేదు. ఇరవై రోజులకు యాప్ నాకు ఒక పతకం పంపింది: “రాత్రివేళలను మీరు జయించారు.” ఆ తర్వాత రాత్రిపూట నోరు విప్పడమే మానేసింది. మౌనం అర్ధాంగీకారం అంటారు, ఇది పూర్తి అంగీకారంగా రాసుకుంది. నేను నిజం చెప్పకపోవడం నా తప్పే. కానీ జవాబు రాకపోవడం, సిగరెట్ కాల్చకపోవడం ఒకటి కావు. సాయం అత్యవసరమైన గంటల్లోనే అది నన్ను వదిలేసింది. తయారుచేసినవారికి ఇదంతా వివరంగా రాశాను. నెల తర్వాత ధన్యవాదాలు అని ఒక ముక్క వచ్చింది. ఆ దీపావళికి వచ్చిన కొత్త వెర్షన్‌లో మాత్రం, “ఈ రాత్రి గురించి నాకు ఏమీ తెలియలేదు, చెబుతారా?” అని అడగడం మొదలైంది.

2024 జూన్ 9న మళ్లీ మానేశాను. ఇప్పటిదాకా ముట్టలేదు. నవంబరులో తాడిపత్రిలో మా పెదనాన్న పోయారు. శ్మశానం నుంచి వచ్చాక బంధువులందరూ వెలిగిస్తున్నారు. సరిగ్గా అప్పుడు యాప్ 150 రోజులకు అభినందనలు చెబుతోంది. ఫోనులో దాన్ని మూసేసి, పొగాకు మానాలనుకునేవారికి సాయం చేసేందుకు సిగరెట్ పెట్టె మీద అచ్చువేసే 1800-112-356 నంబరుకు చేశాను. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడారు. “ఇప్పుడు మీ పక్కన కాల్చనివారు ఎవరైనా ఉన్నారా?” అని అడిగారు. మా చెల్లెలు ఉంది. వెళ్లి తన పక్కన కూర్చున్నాను.

మిగతావి క్లుప్తంగా. నా పాత ఫోనులో బ్యాటరీ సాయంత్రానికి అయిపోతుంది. స్థలం తెలుసుకునే అనుమతి ఇవ్వకపోతే సగం పని చేయదు. నా ఫోనులోని నంబర్లు కూడా అడిగింది, అవి ఇవ్వలేదు, ఏ నష్టమూ కలగలేదు.

పెద్ద లోటు ఇంకొకటి. ఇందులో పొగ తాగేవారికే చోటు ఉంది. 2016-17లో జరిగిన జాతీయ పొగాకు సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో పొగ తాగేవారు 10.7 శాతం, పొగ లేని పొగాకు వాడేవారు 21.4 శాతం. నాకు తీగ అందించే అబ్బాయికి 20 ఏళ్లు, దవడలో ఎప్పుడూ ఖైనీ ఉంటుంది. నన్ను చూసి తనూ యాప్ వేసుకున్నాడు. నొక్కడానికి అతనికి బొత్తామే లేదు. రెండు రోజులు సిగరెట్ బొత్తామే నొక్కాడు, అది అగ్గిపెట్టె దూరంగా పెట్టమని చెబుతుంటే తీసేశాడు. సిగరెట్ పెట్టె మీది ఆ నంబరుకైతే ఖైనీ గురించి కూడా మాట్లాడవచ్చు. పోయిన వారం నా ఫోను నుంచే కలిపి ఇచ్చాను.

ఈ నెల మొదటి వారంలోనే నార్పల వైపు నుంచి రెండు మోటార్లు వచ్చాయి. ఫోను ఇప్పుడు సొరుగులో పెట్టడం లేదు. ప్లాస్టిక్ కవరులో చుట్టి, బల్ల మీద, తీగ పొర బాగుందో లేదో పరీక్షించే మెగ్గర్ పక్కన పెడుతున్నాను.