రెండు ఆల్బమ్‌లు, నాలుగు ప్లేట్లు: బర్క్‌లీ నుంచి హాలీవుడ్ దాకా

మా అక్కావాళ్లు ఫ్రీమాంట్‌లో ఉంటారు. పోయిన అక్టోబరులో మూడు వారాలు వాళ్లింట్లో ఉన్నాను. అందులో ఆరు రోజులు మాత్రం నావి, ఏ గుడికీ ఏ పుట్టినరోజుకీ రానని ముందే చెప్పేశాను. గోల్డెన్ గేట్, యోసెమిటీ లాంటివన్నీ పాత ట్రిప్పుల్లోనే అయిపోయాయి. ఈసారి పని ఒకటే. అమెరికా పాత రాక్, పాప్ బ్యాండ్ల రికార్డుల్ని, అంటే గ్రామఫోన్ ప్లేట్లని, ఈ మధ్య మళ్లీ కొత్తగా వేసి అమ్ముతున్నారు కదా, వాటిని ఆ పాటలు పుట్టిన ఊళ్లలోనే వెతికి తెచ్చుకోవాలి.

"ఆన్‌లైన్లో కొడితే గుమ్మం ముందుకొచ్చి పడతాయి కదరా" అన్నాడు బావ. పడతాయి. కానీ ఆన్‌లైన్లో కనిపించేది అట్ట బొమ్మ, దాని మీద ఒక బంగారు రంగు స్టిక్కరు. 180 గ్రాములు, రీమాస్టర్డ్, లిమిటెడ్ ఎడిషన్. ఆ స్టిక్కర్లు నమ్మి హైదరాబాదులో చాలా డబ్బు పోగొట్టుకున్నవాణ్ని. మామూలు ప్లేటు 120 నుంచి 140 గ్రాములు ఉంటుంది. ఇంకో 40 గ్రాములు ప్లాస్టిక్ ఎక్కువేసినంత మాత్రాన పాట బాగుపడదు. ఏ టేపు నుంచి తీశారు, ఎవరు కోశారు (పాట గాడిని ప్లేటు మీద ఎవరు చెక్కారు), ఎక్కడ అచ్చేశారు అన్నదే లెక్క. అది చేత్తో పట్టుకుని చూస్తేనే తెలుస్తుంది.

మొదటి రోజు బర్క్‌లీ. ఫ్రీమాంట్‌లో రిచ్‌మండ్ వైపు వెళ్లే ఆరెంజ్ లైన్ బార్ట్ (అక్కడి లోకల్ రైలు) ఎక్కితే, ఎక్కడా మారే పని లేకుండా గంటలోపే డౌన్‌టౌన్ బర్క్‌లీలో దిగిపోవచ్చు. కారు తీసుకెళ్లొద్దు, పార్కింగ్ వెతుక్కోవడంతోనే పూట గడిచిపోతుంది. యూనివర్సిటీ ఆవరణలోంచి నడిచి సేథర్ గేటు దాటి కాస్త ముందుకెళ్తే టెలిగ్రాఫ్ అవెన్యూ. 1971 నుంచి ఉన్న రాస్‌ప్యుటిన్, 1990లో మొదలైన అమీబా, రెండూ రికార్డుల షాపులే, అదే వీధిలో కూతవేటు దూరంలో ఉన్నాయి. రెండూ చూశాను, కానీ పూటంతా గడిపింది అమీబాలోనే.

అక్కడ కౌంటర్లో ఉన్న నడివయసాయన దగ్గర నేర్చుకున్నది ఈ ట్రిప్పు మొత్తానికీ పనికొచ్చింది. ఈగిల్స్ బ్యాండు వాళ్ల హోటల్ కాలిఫోర్నియా ఆల్బమ్ పాత ప్లేటు ఒకటి తీసి, అంచులు మాత్రమే పట్టుకుని, దీపం కింద ఏటవాలుగా తిప్పమన్నాడు. పాట అయిపోయాక లేబుల్ చుట్టూ నున్నటి పట్టీ ఒకటి మిగులుతుంది, దాన్ని డెడ్ వాక్స్ అంటారు. వెలుగు ఒక కోణంలో పడగానే ఆ నలుపులో గుండుసూదితో గీసినట్టు చేతిరాత తేలింది. "ఆరయిందా ఇంకా?" అని ఇంగ్లీషులో ఒక చిన్న ప్రశ్న. 1976లో ప్లేటు కోసినప్పుడు గీసిన మాట. ఇంజనీరింగ్ హాస్టల్లో ఈ ఆల్బమ్ క్యాసెట్టు టేపు అరిగేదాకా విన్నాను. క్యాసెట్టు మీద ఇలాంటివి ఎక్కడుంటాయి?

కోసినవాళ్ల పొడి అక్షరాలు కూడా అక్కడే ఉంటాయి. బెర్నీ గ్రండ్‌మన్ కోస్తే బీజీ అని గీసి ఉంటుంది. అట్ట మీద ఏం రాసినా ఆ అక్షరాలే అసలు సంతకం. కొత్త ప్లేట్లకి సీలు ఉంటుంది కాబట్టి షాపులో విప్పి చూడనివ్వరు. వాటి వివరాలు ముందే చదువుకుని వెళ్లాలి. సెకండ్‌హ్యాండువి మాత్రం అడిగితే విసుక్కోకుండా తీసి చూపించారు. నా దృష్టిలో ఈ షాపుకి మార్కులు పడేది ఇక్కడే.

బర్క్‌లీలో నేను వెతికింది క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ అనే రాక్ బ్యాండు. వీళ్లది పక్కనే ఉన్న ఎల్ సెరిటో. 1968 నుంచి 1972 లోపు ఏడు ఆల్బమ్‌లు చేసి విడిపోయారు. 1970లో వచ్చిన కాస్మోస్ ఫ్యాక్టరీ ఆల్బమ్ పేరు వెనక కథ బాగుంటుంది. బర్క్‌లీలో ఒక షెడ్డులో బ్యాండు గాయకుడు జాన్ ఫోగర్టీ వీళ్లచేత రోజూ డ్యూటీకి వచ్చినట్టు ప్రాక్టీసు చేయించేవాడట. డ్రమ్మర్ డగ్ క్లిఫర్డ్ ముద్దుపేరు కాస్మో. అలా ఆ షెడ్డు ఫ్యాక్టరీ అయింది.

ఆ ఆల్బమ్ అక్కడ రెండు రకాలుగా దొరికింది. ఒకటి డెబ్బైల్లో అచ్చయిన పాతది, అట్ట మూలలు నలిగినది, 12 డాలర్లు. రెండోది క్రాఫ్ట్ రికార్డింగ్స్ వాళ్ల హాఫ్ స్పీడ్ ప్లేటు, దానికి మూడింతలు. హాఫ్ స్పీడ్ అంటే టేపునీ, ప్లేటు కోసే యంత్రాన్నీ సగం వేగంతో తిప్పి కోయడం. తీగల మోత, తాళాల మోత లాంటి సన్నని శబ్దాల్ని చెక్కడానికి కోత సూదికి రెట్టింపు టైము దొరుకుతుంది. విచిత్రమేమిటంటే బర్క్‌లీ కుర్రాళ్ల పాటల్ని ఇలా కోసింది లండన్లో, ఆబీ రోడ్ స్టూడియోలో మైల్స్ షోవెల్. రెండూ కొన్నాను. బిల్లులో పన్ను చూసి ఉలిక్కిపడకండి, రాసిన ధర మీద ఊరిని బట్టి 9, 10 శాతం దాకా పడుతుంది.

మధ్యాహ్నం ఫోర్త్ స్ట్రీట్‌లో విక్స్ చాట్‌కి వెళ్లి కడుపు నింపుకుని, టెన్త్, పార్కర్ వీధుల మూల మీదున్న, వీళ్ల రికార్డులు వేసిన ఫాంటసీ కంపెనీ పాత భవనం చూడ్డానికి నడిచాను. క్రీడెన్స్ పాటలు అమ్మిన డబ్బుతో లేచిన భవనం అని దానికి పేరు. అందులోని స్టూడియో 2018లో మూసేశారు. రోడ్డు మీద నుంచి చూసి రావడమే. దాని కోసమే వెళ్లేంత లేదు, చాట్ కోసం మాత్రం వెళ్లొచ్చు.

సాన్ ఫ్రాన్సిస్కోలో హేట్ స్ట్రీట్ అమీబా ఇంకా పెద్దది. ఒకప్పుడు బౌలింగ్ ఆడుకునే హాలు, 1997లో షాపయింది. మార్కెట్ స్ట్రీట్ నుంచి 7 నంబరు బస్సు తిన్నగా అక్కడికే వెళ్తుంది. గ్రేట్‌ఫుల్ డెడ్ బ్యాండు వాళ్లు ఒకప్పుడు ఉన్న ఇల్లు, 710 ఆష్‌బరీ, దగ్గర్లోనే. అందులో ఇప్పుడు ఎవరో కాపురముంటున్నారు, మెట్లెక్కి ఫోటోలు దిగకండి. ఊరు చూసే సరదా కూడా ఉంటే ఈ షాపుకి వెళ్లండి, ఒట్టి రికార్డులకే అయితే బర్క్‌లీ చాలు. నేను ఇక్కడ సీడీలే కొన్నాను. ప్లేట్ల మోజులో పడి సీడీల్ని ఎవరూ పట్టించుకోవడం లేదు. 2022లో అమెరికాలో 4.1 కోట్ల ప్లేట్లు అమ్ముడైతే సీడీలు 3.3 కోట్లే. 1987 తర్వాత లెక్కలో ప్లేట్లు పైన ఉండటం అదే మొదటిసారి. మన్కీస్ లాంటి బ్యాండ్ల పాటలతో రైనో కంపెనీ వేసిన సీడీల్లో అదనపు పాటలూ, వెనక కథలతో లావుపాటి పుస్తకాలూ ఉంటాయి. ధర కాఫీ అంత. సామాన్లో బరువు కూడా ఉండదు.

లాస్ ఏంజెలెస్‌కి విమానం వద్దనుకుని ఆమ్‌ట్రాక్ వాళ్ల కోస్ట్ స్టార్‌లైట్ రైలెక్కాను. శాన్ హోసేలో పొద్దున ఎక్కితే రాత్రికి చేరుస్తుంది. "గంటన్నర పనికి రోజంతానా?" అని బావ. నిజమే. కానీ సీటు దగ్గరికే 50 పౌన్ల బ్యాగులు రెండు తీసుకెళ్లొచ్చు. ప్లేట్ల సంచీ నా కాళ్ల దగ్గరే ఉంది, ఎవరూ విసిరేయరన్న ధీమా. శాంటా బార్బరాకి ముందు చాలాసేపు రైలు సముద్రాన్ని ఒరుసుకుంటూ పోతుంది. భోజనం ఇంటి నుంచి తెచ్చుకుంటే ఇంకా హాయి. అక్క కట్టిచ్చిన పులిహోర పెసిఫిక్ చూస్తూ తిన్నాను.

హాలీవుడ్‌లో బసే దెబ్బ కొట్టింది. షాపుకి నడిచే దూరంలో ఉంటుందని ఒక హోటల్ తీసుకున్నాను. బుకింగ్‌లో కనిపించిన రేటుకి పైన ఫెసిలిటీ ఫీజని రోజుకో మొత్తం వేశారు. అది చిన్న అక్షరాల్లో ఉందట. రాత్రి రెండింటి దాకా కింద బార్ మోత. అసలు నష్టం వేరే. అది గోడకున్న స్లాట్‌లోంచి కార్డు తీస్తే ఏసీ ఆగిపోయే గది. ప్లేట్ల సంచీ కిటికీ పక్క బల్ల మీద పెట్టి మధ్యాహ్నం బయటికి పోయాను. కిటికీ పడమటి వైపుదని అప్పుడు తట్టలేదు. తిరిగొచ్చేసరికి సంచీ వెచ్చగా ఉంది. పైన ఉన్నది సీలు కూడా విప్పని హాఫ్ స్పీడ్ ప్లేటు. ఎండకి ప్లాస్టిక్ సీలు బిగుసుకుని అట్ట విల్లులా వంగింది. ఇందులో హోటల్ తప్పేం లేదు, నా బుర్ర తక్కువతనమే. కొన్న రోజే సీలు చించెయ్యాలని అందరికీ చెప్పేది నేనే. రెండు రాత్రులకి మించి ఉండేవాళ్లు కొరియాటౌన్‌లో దిగి మెట్రోలో రావడం మేలు.

హాలీవుడ్ అమీబా సన్‌సెట్ రోడ్డు నుంచి 2021లో హాలీవుడ్ బూలెవార్డ్‌కి మారింది. హాలీవుడ్ వైన్ మెట్రో స్టేషనులో దిగితే పక్కనే. కొత్తగా మళ్లీ వేసిన రీఇష్యూల వరకూ నేను చూసిన మూడింటిలో ఇదే మెరుగు, అన్నీ ఒకచోట వరసగా దొరుకుతాయి. పాతవి మాత్రం బర్క్‌లీ కంటే ఖరీదనిపించాయి. బయటికొస్తే వైన్ స్ట్రీట్‌లో క్యాపిటల్ రికార్డ్స్ గుండ్రటి భవనం, 13 అంతస్తులు, 1956 నాటిది. దాని శిఖరం మీద ఎర్ర దీపం మోర్స్ కోడ్‌లో హాలీవుడ్ అనే పేరు కొడుతూ ఉంటుంది.

ఆ క్యాపిటల్ కంపెనీ 1966 మే 16న విడుదల చేసిందే బీచ్ బాయ్స్ బ్యాండు ఆల్బమ్ పెట్ సౌండ్స్. నేను ఇంత దూరం వచ్చింది ముఖ్యంగా దీనికే. ఆ బ్యాండుకి పాటలు కట్టిన బ్రయన్ విల్సన్‌కి చిన్నప్పటి నుంచీ కుడి చెవి దాదాపు వినపడేది కాదు. అందుకని ఆల్బమ్‌ని మోనోలోనే, అంటే అన్ని శబ్దాలూ ఒకే వరసలో వచ్చేలా, కలిపాడు. కంపెనీ మాత్రం స్టీరియో గిరాకీ కోసం ఆ మోనోనే రెండుగా చీల్చి డ్యుయోఫోనిక్ అని అమ్మింది. పాత ప్లేట్ల అరల్లో ఇది ఇప్పటికీ ఎదురవుతుంది. నంబరు టీ 2458 అయితే మోనో, డీటీ 2458 అయితే ఆ దొంగ స్టీరియో. ఒక్క అక్షరం తేడా. అసలైన స్టీరియో 1997లో గానీ రాలేదు. వాద్యాలన్నీ ముందు ఒక టేపు మీద రికార్డు చేసి, వాటిని ఒకే ట్రాక్‌లోకి దించి, దాని పక్కన గొంతులు చేర్చారు. ఆ రెండు టేపుల్నీ క్షణం తేడా లేకుండా కలిపి నడిపించడం కంప్యూటర్లు వచ్చాకే కుదిరింది. మార్క్ లినెట్ ఆ పని చేశాడు.

అనలాగ్ ప్రొడక్షన్స్ వాళ్లు మోనో, స్టీరియో రెండూ విడివిడిగా వేశారు, కాన్సాస్ రాష్ట్రంలో సలైనా అనే ఊళ్లో సొంత ప్రెస్సులో. ఒకటి ఆయన విన్నట్టు, ఇంకోటి గదిలో వాద్యకారులు కూర్చున్నట్టు. రెండూ తీసుకున్నాను. ఫోన్లో చెప్తే బావ లెక్క కట్టాడు. "అంటే రెండు ఆల్బమ్‌లు, నాలుగు ప్లేట్లు. మీ ఆవిడకి ఏ లెక్క చెప్తావు?"

ఇలా అన్నీ నమ్మి కొనేవాళ్లకి 2022లో ఒక షాక్ తగిలింది. మొబైల్ ఫిడెలిటీ కంపెనీ ప్లేట్లలో మొదటి నుంచి చివరి దాకా టేపే అనుకున్నవాళ్లకి, చాలావాటి మధ్యలో డిజిటల్ మెట్టు ఉందని అప్పుడు బయటపడింది. కోర్టు దాకా వెళ్లింది. తమాషా ఏమిటంటే అంతకుముందు వాటిని విని ఆకాశానికెత్తినవాళ్లలో చెవితో కనిపెట్టినవాళ్లు లేరు. నేనూ లేను.

చివరి రోజు హాథార్న్, బీచ్ బాయ్స్ విల్సన్ అన్నదమ్ముల ఊరు. మెట్రోలో 1.75 డాలర్లకి, రెండుసార్లు మారి, హాథార్న్ లెనాక్స్ స్టేషన్లో దిగాను. స్టేషను 105 ఫ్రీవే నడిమధ్యలో ఉంది, రెండు పక్కలా కార్ల హోరు. విల్సన్ అన్నదమ్ములు పెరిగిన ఇంటిని ఎనభైల్లో కూలగొట్టింది ఈ ఫ్రీవే కోసమే. ఇరవై నిమిషాలు నడిస్తే 119వ వీధిలో, మామూలు ఇళ్ల మధ్య ఇటుకల స్మారకం, సర్ఫ్‌బోర్డు మోస్తున్న కుర్రాళ్ల బొమ్మ. 2005లో పెట్టారు. విల్సన్ 2025 జూన్‌లో పోయినప్పుడు జనం తెచ్చి పెట్టిన పూలు టీవీలో చూశాను. నేను వెళ్లిన రోజు ఎవరూ లేరు. పక్కింట్లో లాన్ కోస్తున్నారు. పది నిమిషాల్లో అయిపోయే చోటు, రానూపోనూ మూడు గంటలు. నాకైతే దండగనిపించలేదు. పిల్లలతో వెళ్లేవాళ్లు మానుకోండి.

తిరుగు ప్రయాణంలో ప్లేట్లని చెక్ ఇన్ సామాన్లో వేయలేదు. పోయినసారి అలా వేస్తే లోపలి ప్లేటు అంచు తగిలి అట్టల కుట్టు తెగింది. ఈసారి ప్లేట్లని అట్టలోంచి తీసి, లోపలి కాగితం కవరుతోనే అట్ట వెనక పెట్టి, మొత్తం దొంతర చేతిసంచీలో నిలబెట్టి తెచ్చాను.

హైదరాబాదు వచ్చాక వంగిన కాస్మోస్ ఫ్యాక్టరీని రెండు అద్దాల మధ్య పెట్టి, పైన డిక్షనరీలు పేర్చి నెల ఉంచాను. ఇప్పుడు మొదటి రెండు పాటలకి సూది చిన్న పడవలా లేచి పడుతుంది. మూడో పాట నుంచి బాగానే ఉంది. 12 డాలర్ల పాతది మొదటి నుంచీ బాగానే ఉంది.