సైట్‌లో సెర్చ్ బాక్స్: నాలుగేళ్లు వాడాక

మన సైట్‌లో ప్రకటనలు వేసి రాబడిలో వాటా ఇచ్చే గూగుల్ సేవ యాడ్‌సెన్స్. దాని పేరెత్తగానే అందరూ వ్యాసాల మధ్య వచ్చే బ్యానర్ల గురించే మాట్లాడతారు. నా ప్రాణం మాత్రం అదే సేవ కింద సైట్‌లో పెట్టుకునే సెర్చ్ బాక్స్ మీదే. అందులో ఎవరైనా వెతికితే ఫలితాల పైన ప్రకటనలు వస్తాయి, వాటి మీద మనకు వాటా. ఇప్పటికీ పొద్దున్నే నేను మొదట చూసేది రాత్రి అందులో ఎవరేం వెతికారో అన్నదే.

మాది అనంతపురం వైపు. మోటర్ల రిపేరు దుకాణం నడుపుతూ, బోరు మోటర్లు, స్టార్టర్ల మీద తెలుగులో ఒక సైట్ రాస్తుంటాను. అకౌంట్ తెరవడం, పోస్టులో వచ్చే పిన్, 100 డాలర్లు దాటితేగానీ డబ్బు రాకపోవడం అందరికీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నా. వాటాల సంగతి ఒక్కటి చెప్పాలి. వ్యాసాల మధ్య వచ్చే ప్రకటనల్లో మనకు దాదాపు 68 శాతం ముడుతుంది, సెర్చ్ ప్రకటనల్లో 51 శాతమే. ఆ లెక్క చూసే నేనూ ఏడాదిపాటు బాక్స్ పెట్టలేదు. కానీ ఏదో చదువుకుంటున్నవాడి కంట ప్రకటన పడటం వేరు, "5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ ధర" అని తన చేత్తో కొట్టినవాడికి కనబడటం వేరు. రెండోవాడు కొనడానికి వచ్చినవాడు, అమ్మేవాళ్లు ఆ క్లిక్కు కోసం పోటీపడి డబ్బు పెడతారు. బోర్లు ఎండి మోటర్లు కాలిపోయే మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆ సగం వాటాయే నా బ్యానర్లన్నీ కలిపి ఇచ్చినదాన్ని దాటింది.

అంతకన్నా పెద్ద లాభం, సైట్‌లో ఎవరేం వెతికారో చూపే అనలిటిక్స్‌లో బయటపడింది. "మోటర్ తిరుగుతోంది నీళ్లు రావట్లేదు". ఒకే వారంలో ఈ మాట రకరకాల అక్షరదోషాలతో పదే పదే కనబడింది. పొలంలో నిలబడి ఫోన్‌లో కొట్టి ఉంటారు. నా సైట్‌లో దానికి జవాబు లేదు! ఆ రాత్రే కూర్చుని రాశాను. కేబుల్ జాయింట్ కొత్తగా వేశాక ఇలా అయితే త్రీఫేజ్ మోటర్ వెనక్కి తిరుగుతోందేమో చూడండి, సప్లై పూర్తిగా ఆపి స్టార్టర్ దగ్గర ఏ రెండు వైర్లయినా అటూ ఇటూ మార్చండి, అప్పటికీ రాకపోతే కప్లింగ్, పైపు, నీటిమట్టం చూడాలి అని. ఆ మాట వెతికితే నాకు ఒక్క ప్రకటన కూడా కనబడలేదు. కానీ ఇవాళ్టికీ నా సైట్‌లో అందరికంటే ఎక్కువమంది చదివేది ఆ వ్యాసమే, బ్యానర్ల డబ్బులో పెద్ద భాగం దాని మీద వచ్చేదే.

రెండో వేసవిలో తప్పు చేశాను. పెద్దవాళ్లకు టైపు చేయడం కష్టమని బాక్స్ కింద "7.5 హెచ్‌పీ మోటర్ ధర", "స్టార్టర్ ధర" అని లింకులు పెట్టాను. నొక్కితే చాలు, ఫలితాల పేజీ, పైన ప్రకటనలు. పది రోజులు రాబడి పెరిగింది. పదకొండో రోజు పాలసీ ఉల్లంఘన అని మెయిల్. సెర్చ్ ప్రకటనలు రావాలంటే మాటను పాఠకుడే కొట్టాలి, ముందే నింపి ఉంచకూడదు, ఫలితాల పేజీకి నేరుగా లింకు ఇవ్వకూడదు. నిబంధనల్లో స్పష్టంగానే ఉంది, నేనే చదవలేదు. వెతికినవాడి అవసరానికని అమ్మేవాడు డబ్బు కడుతుంటే, నేను నా లింకు మీద పడ్డ నొక్కుళ్లను ఆ అమ్మేవాడికి అంటగట్టాను. అవి తీసేసి, మళ్లీ పరిశీలించమని కోరాక ప్రకటనలు తిరిగి వచ్చాయి. అప్పటికి ఏప్రిల్ చేజారిపోయింది.

మొదట్లో కనబడిన ప్రతివాడికీ "బ్యానర్లు తీసేసి బాక్స్ పెట్టు" అని చెప్పేవాణ్ణి. ఇప్పుడు అంత గట్టిగా అనను. ఎక్కువమంది గూగుల్ నుంచి నేరుగా వ్యాసంలోకి దిగి, చదువుకుని వెళ్లిపోతారు, బాక్స్ జోలికే రారు. తెలుగు లిపిలో వెతికితే ప్రకటనలు తక్కువ, ఇంగ్లీషులో కొడితేనే నిండుగా వస్తాయి. వానలు పడ్డాక నా రాబడి అడుగంటుతుంది. వంటల సైట్ నడిపే మా చెల్లెలికి బాక్స్ మీద చెప్పుకోదగ్గదేమీ రాలేదు.

ఇల్లు గడిచేది దుకాణం మీద. సైట్ డబ్బు సర్వర్ ఖర్చు పోను పిల్లల పుస్తకాలకు సరిపోతుంది. అందుకని ఈ బాక్స్‌కు ఐదుకు నాలుగు మార్కులు ఇస్తున్నా. ఇదే బతుకుతెరువైతే మూడే ఇచ్చేవాణ్ణేమో.

నిన్న రాత్రి ఎవరో "సోలార్ మోటర్ మబ్బు పడితే నడుస్తుందా" అని వెతికారు. ఈ ఆదివారం దాని మీద రాస్తాను.